మాటరాని సగం

వేడి గంజి పడి ఒళ్లు కాలిన ఏడాది బిడ్డను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లగానే సింహాద్రి తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"ఇంట్లో నువ్వుండగా గుంటడు పొయ్యి కాడికెలాగెల్లాడే? సంచీ సర్దుకుని అక్క ఇంటికి పో!"

నేల మీద కూలబడ్డ వరహాలమ్మ తల దించుకుంది. "సరేరా. నాదే తప్పు."

"నేను ఫోన్లో ఉన్నాను. ఏటీ చూళ్లేదు," అంది పక్కనే కూర్చున్న కోడలు హైమ.

అది అబద్ధం కాదు. ఇంటి నుంచి పనిచేసే అందరిలాగే ఆమె కూడా చెవి వెనక మీట నొక్కి, మెదడు రెండు సగాల మధ్య దారి మూసేస్తుంది. మాటొచ్చే సగం కుడిచేత్తో కంపెనీ పని చేస్తుంది. మాటరాని సగం ఎడమచేత్తో వంట చేస్తుంది. ఒకదానికి తెలిసింది రెండోదానికి తెలియదు. కంగారులో ఆమె ఇంకా ఆ దారి తెరవలేదు.

ఉన్నట్టుండి హైమ ఎడమచెయ్యి అత్తగారి పాదం పట్టుకుంది.

"ఇదేటత్తా? నేను పట్టుకోమనలేదే!"

"నా కాలొగ్గీమను దాన్ని. ఆ మీట మాత్రం ముట్టుకోకు," అంది వరహాలమ్మ. "తెలిస్తే బతకలేవు తల్లీ."



హైమ మీట నొక్కింది. రెండు చేతులతో వార్చాల్సిన గంజికి ఒంటిచెయ్యి, చేతిలోంచి జారిన అన్నం గిన్నె, కాళ్ల దగ్గరికి పాకుతూ వచ్చిన బిడ్డ, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

"అత్త కాదయ్యా," అంది. "బాబు మీద గంజి పోసింది నేనే."