ముల్లు ఎత్తిన చోట

నాన్న దాచుకున్న గ్రామఫోను రికార్డు పగిలిన రోజున అక్క ఏడవలేదు. గచ్చు మీద కూర్చుని ముక్కలన్నీ ఏరి, మళ్ళీ గుండ్రంగా పేర్చడానికి ప్రయత్నించింది.

"చెయ్యి జారింది అక్కా. దుమ్ము దులుపుదామని తీశాను" అన్నాడు తమ్ముడు.

"నాన్న పోయి నెల కాలేదు. అప్పుడే దులపడం మొదలెట్టావా?"

తమ్ముడు చీపురు గోడకు ఆనించాడు.

"రేపు రికార్డింగురా. ఒక్కసారి విని వెళ్దామనుకున్నాను."

"వింటే మాత్రం ఏముంది? నీకు కావలసిన చోటే కదా గీత పడింది. ముల్లు అక్కడికి రాగానే ఒక్కచోటే తిరుగుతూ ఉండిపోయేది. నాన్న దాన్ని ఎత్తేసి, ఆ ముక్క తన వయొలిన్ మీద వాయించి, గీత దాటించి మళ్ళీ పెట్టేవాడు. చిన్నప్పట్నుంచీ మనం విన్నది నాన్న వాయించిందే."

"నాన్న వాయించింది నకలు. నాకు అసలు కావాలి."

ఆ రికార్డు ఒక ఆడని సినిమాది. అందులో ఆ పాట ఒకటుందని తెలిసినవాళ్ళే తక్కువ. అక్క మాత్రం ప్రతి కచేరీ చివర ఆ ముక్క వాయించేది. వాయించబోయే ముందు సభకు ఒక మాట చెప్పేది. "పాటంతా వేణువే వినిపిస్తుంది. రెండో చరణానికి ముందు ఒకే ఒక్కసారి వయొలిన్ లేస్తుంది. అందాకా దాన్ని దాచి ఉంచాలని ఆ సంగీత దర్శకుడికి ఎలా తోచిందో చూడండి. నాకు వచ్చిన సంగీతమంతా అక్కడ నేర్చుకున్నదే." ఇప్పుడు చేస్తున్న మొదటి ఆల్బమ్‌లో పెద్ద పాట కూడా ఆ ముక్క మీద అల్లుకున్నదే. అట్ట మీద ఆ సంగీత దర్శకుడికి అంకితం అని వేయించమని చెప్పింది.

చిక్కంతా ముగింపు దగ్గర వచ్చింది. నాన్న ఒక్కోసారి చివరి స్వరాన్ని పైనే నిలిపి వదిలేసేవాడు. ఒక్కోసారి నెమ్మదిగా కిందికి దింపేవాడు. రెండింటిలో అసలు ఏదో అక్కకు తెలియదు.

"ఆస్పత్రిలో కూడా అడిగాన్రా. రికార్డులో ఎలా ఉంది నాన్నా, పైనా కిందా అని."

"ఏమన్నాడు?"

"నీకెలా బాగుంటే అలా వాయించుకో తల్లీ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అంత గొప్పవాడి సంగీతంలో వేలు పెట్టడానికి మనమెవరం, మరిచిపోతే మరిచిపోయానని చెప్పు అన్నాను."

"దానికేమన్నాడు?"

"మరిచిపోయాను అన్నాడు."

తమ్ముడు చొక్కా మార్చుకుని బయటికి వెళ్ళాడు. పాత సామాన్ల వీధిలో కుట్టుమిషన్లు, పంకాలు, అద్దం పోయిన గడియారాలు దాటుకుంటూ కొట్టుకొట్టుకూ తిరిగాడు. సాయంత్రం ఫోన్ చేస్తే ఇంకా తిరుగుతున్నానన్నాడు.

మర్నాడు అక్క స్టూడియోలో తీగలు సరిచేసుకుంటుండగా వచ్చాడు. తువ్వాలులో చుట్టిన రికార్డును పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది. ఇలాంటివి అమ్మడానికి బోలెడుమంది వస్తారు, కొనడానికి వచ్చినవాడివి నువ్వే నాయనా అన్నాడు కొట్టాయన. గీతలేమీ లేవు. నేనింకా ముట్టుకోలేదు కదా."

అక్క చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వింది.

సౌండ్ ఇంజనీరు గొణుక్కుంటూనే మూలనున్న పాత ప్లేయరు తెచ్చి తుడిచాడు. "అవతల తబలా ఆయన కాచుకుని ఉన్నాడు మేడమ్."

"ఒక్కసారి విననివ్వండి. చివర్న ఏముందో తెలిస్తే చాలు."

వయొలిన్ భుజానికి ఆనించి, కమాను సిద్ధంగా పట్టుకుంది. ఆ ముగింపు వినగానే వెంటనే వాయించి చూసుకోవాలని ఆమె ఆలోచన.

వేణువుతో పాట మొదలైంది. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. తమ్ముడి చెయ్యి అలవాటుగా ముల్లు వైపు వెళ్ళింది.

"ముట్టుకోకు" అంది అక్క.

ముల్లు ఆ చోటికి వచ్చింది. వేణువు ఆగలేదు. అంతకు ముందు వాయించిన వరుసనే మరోసారి వాయించింది. పాడే ఆవిడ రెండో చరణం అందుకుంది.

"మళ్ళీ పెట్టు."

తమ్ముడు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వేణువే.

"వేరే రికార్డు తెచ్చావురా."

"అదే అక్కా. అదే పాట, అదే గొంతు. సినిమా పేరు చూడు."

అక్క చూసింది. పాట చివరిదాకా విన్నారు. ముల్లు లోపలి అంచు చేరి గరగరలాడుతుంటే తమ్ముడే దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు.

"ఇందులో వయొలిన్ ఎక్కడుందండీ?" అన్నాడు ఇంజనీరు. తమ్ముడు రికార్డు తీసి మళ్ళీ తువ్వాలులో చుట్టాడు. ఇంజనీరు అద్దం వెనకున్న తన గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

తబలా ఆయన వచ్చి తన చోట సర్దుకున్నాడు. అక్క కమాను తీగల మీద ఆనించి అలాగే ఉండిపోయింది.

కాసేపటికి గోడనున్న స్పీకరులోంచి ఇంజనీరు గొంతు వినిపించింది. "మొదలెడదామా మేడమ్? ఇంతకీ చివర పైన ఆపుతున్నారా, కిందికి దింపుతున్నారా?"

అక్క కమాను దించింది.

ఆ ముక్కను ఎలా ముగించాలో నాన్న తేల్చుకోకుండానే పోయాడు.