రేపుగారు కట్టిన పూల్

ఇంజనీరు స్క్రూడ్రైవరు మొనతో అలా కదిపాడో లేదో, నీలం పలక ఊడి కిందపడింది. దాని వెనక సిమెంటు ఉండాల్సిన చోట తడి ఇసుక, కుళ్ళిన గోనెసంచి పేలిక, ఒక రబ్బరు చెప్పు కనిపించాయి.

"ఎడమకాలిది," అన్నాడు ఇంజనీరు, చెప్పుని రెండు వేళ్ళతో పైకెత్తి. "కుడికాలిది ఇంకో మూల ఉంటుంది."

చెల్లెలు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఎండిపోయిన స్విమ్మింగ్ పూల్ అడుగున కాస్త పచ్చటి నీళ్ళు మిగిలాయి. అందులో ఉబ్బిపోయిన కప్ప ఒకటి వెల్లకిలా తేలుతోంది.

గట్టు మీద నిలబడ్డ అక్క మాత్రం ఆ చెప్పుని చూసి "అయ్యో" అంది. అంతే. అక్కెప్పుడూ అంతే. నోట్లో నాలుక లేని మనిషి. దర్జీ జాకెట్టు బిగుతుగా కుడితే, తనే సన్నబడాలని చూసే రకం.

ఇంజనీరు చెల్లెలి భర్తకి స్నేహితుడు. ఆమే బతిమాలి తీసుకొచ్చింది. అతను పల్లం వైపు గోడని ఆ కొస నుంచి ఈ కొస దాకా తట్టి చూసి, చేతులు దులుపుకున్నాడు.

"ఈ గోడలో ఉండాల్సిన ఇనుములో సగం కూడా లేదమ్మా. అప్పుడే బయటికి ఒరుగుతోంది. పైపైన రంగేసి నీళ్ళు నింపారంటే, ఏదో ఒకరోజు గోడంతా ఊడి కొట్టుకుపోతుంది. లోపల పిల్లలుంటే వాళ్ళు కూడా. మొత్తం పగలగొట్టించి మళ్ళీ కట్టించండి. లేదంటే మట్టి పోసి పూడ్చేయండి."

"అలాగేనండీ, మా వారితో మాట్లాడి చెబుతాం," అంది అక్క. టీ ఇచ్చి, గేటు దాకా వెళ్ళి సాగనంపింది.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. చెల్లెలు కిటికీలోంచి తొంగిచూసి ఉలిక్కిపడింది. వచ్చింది రేపుగారు!

ఆ పూల్ కట్టిన ఘనుడు అతనే. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపొస్తున్నా మేడం" అనేవాడు కాబట్టి ఇంటిల్లిపాదికీ రేపుగారైపోయాడు. నీళ్ళు తగ్గిపోతున్నాయంటే, ఎండకి ఆవిరైపోతున్నాయన్నాడు. వానల్లో కూడా తగ్గుతున్నాయంటే, కొత్త సిమెంటుకి దాహమెక్కువన్నాడు. ఆ తర్వాత నెపం కాకుల మీద పెట్టాడు.

చెల్లెలు విసవిసా వంటింట్లోకి వెళ్ళింది. "వీణ్ణెవరు పిలిచారు?"

"నేనే," అంది అక్క.

"మతిపోయిందా నీకు? మళ్ళీ వీడా?"

"మెల్లగా మాట్లాడవే. వింటాడు."

"విననీ! గోడలో చెప్పులు పెట్టి కట్టిన వెధవ వాడు!"

"పోనీలే. తెలిసినవాడు. పని తొందరగా కానిచ్చేస్తాడు."

"అందులో మన పిల్లలు దిగుతారక్కా!"

"మన పిల్లలు దిగర్లే," అంది అక్క, పొయ్యి గట్టు తుడుస్తూ.

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఈత కోసం పడిచచ్చే పిల్లల్ని ఈవిడ ఆపగలదా? నెలరోజులుగా గోడలకి రంగులేయించి, తలుపులకి మెరుగు పెట్టించి ఇల్లు అద్దంలా చేసుకున్న మనిషికి, ఈ పూల్ దగ్గరకొచ్చేసరికి బుద్ధేమైందో!

రేపుగారు గట్టున నిలబడి, ఖాండ్రించి పూల్‌లోకి ఉమ్మాడు. చూపుడువేలు చెవిలో పెట్టి గిర్రున తిప్పుకుని, ఆ వేలినే పలకకి రాశాడు.

"ఏముంది మేడం! వెంట్రుకవాసి బీట. తెల్ల సిమెంటు కూరి, పైన నీలిరంగు కొట్టామంటే సముద్రమే!"

"మరి దీని సంగతేంటి?" చెల్లెలు కాలితో చెప్పుని అతని ముందుకి తోసింది.

రేపుగారి మొహం వికసించింది. "అరె, ఇదిక్కడుందా! మా మేస్త్రీ దీనికోసం ఎంత వెతుక్కున్నాడో పాపం!"

"ఇంజనీరు మొత్తం పగలగొట్టమన్నాడు."

"ఇంజనీర్లంతే మేడం. దగ్గొస్తే పీక కోసేయమంటారు."

అక్క నవ్వింది. నిజంగానే, మర్యాదగా, పళ్ళు కనబడేలా నవ్వింది.

చెల్లెలు ఇక అక్కడ నిలబడలేకపోయింది. వాడు మోసగాడు, సరే. తెలిసి తెలిసి వాడి ముందు తల వంచి నిలబడే ఈ అక్కనేమనాలి? లోపలికొచ్చి సబ్బు తీసుకుని చేతులు పరపరా రుద్దుకుంది. దేన్నీ ముట్టుకోలేదు, అయినా జిడ్డు వదలనట్టే ఉంది.

కిటికీలోంచి రేపుగారి గొంతు వినబడింది. ఎప్పుడూ లేనిది, ఆ గొంతు తగ్గింది.

"మేడం, మీరు మంచివాళ్ళు. ఇన్నాళ్ళలో నన్ను ఒక్క మాటన్లేదు. అందుకే మనసొప్పక చెబుతున్నా. ఆ ఇంజనీరన్నది నిజమే. నేనేసే పూత రెండు వారాలకి మించి ఆగదు. గోడ ఇవాళ కాకపోతే రేపైనా పోతుంది. పగలగొట్టించేయండి. నాచేత వద్దు, ఇంకెవరిచేతైనా."

చెల్లెలు కుళాయి కట్టేసింది. పుట్టి బుద్ధెరిగాక వాడు చెప్పిన మొదటి నిజం అదే అయ్యుంటుంది. హమ్మయ్య, ఇప్పటికైనా అక్క కళ్ళు తెరుచుకుంటాయని చెవులు రిక్కించింది.

అక్క ఎప్పటిలాగే మెత్తగా, ఎదుటిమనిషి నొచ్చుకోకుండా అంది: "మీ పూత రెండు వారాలు ఆగక్కర్లేదు లెండి, ఈ ఇల్లు కొనేవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆదివారమే చూడ్డానికొస్తున్నారు."