నువ్వుగింజంత నిజం

"కొయ్యండి డాక్టరమ్మా. లోపల గింజ లేకపోతే ఈవిడ తోటలోవి నా మొక్కలే. రేపు పొద్దున్నే అన్నీ పీకించాలి," అన్నాడు పెద్దాయన.

అనాస రైతుల సంఘం షెడ్డులో, కాయలు ఏరే పొడవాటి బల్ల మీద ఒకే ఒక్క పండు ఉంది. చుట్టూ పాతికమంది రైతులు. బల్లకి ఈ పక్క పెద్దాయన. ఆ పక్క, ఆయన గట్టుకి ఆనుకుని తోట వేసుకున్న ఆమె. ఆమె వెనకాల భర్త. కత్తి మాత్రం మొక్కల డాక్టరమ్మ చేతిలో ఉంది.

"అవి మా పుట్టింటి పిలకలు బాబాయ్. ఎన్నిసార్లు చెప్పమంటారు?" అంది ఆమె.

"మీ పుట్టింటి పండుకి నా పండు వాసన ఎలా పట్టింది? పన్నెండేళ్ళు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని తయారు చేసుకున్న రకం అది. ఒక్క పిలకని గేటు దాటనివ్వలేదు నేను."

"నేను గానీ మా ఆయన గానీ పరాయివాళ్ళ పూచికపుల్ల ముట్టుకునే మనుషులం కాదు."

భర్త మొహం పాలిపోయి నిలబడ్డాడు. నలుగురిలో నోరు విప్పాలంటే ముందునుంచీ భయమే ఆయనకి. ఆమే వెనక్కి చెయ్యి చాచి ఆయన వేళ్ళు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

డాక్టరమ్మ కత్తి తుడుచుకుంటూ అందరికీ వినబడేలా చెప్పింది.

"మీకు తెలియనిది కాదు. అనాసకి మనం విత్తనం పెట్టం, పిలక పెడతాం. ఒక మొక్క పిలకలతో ఎకరం నింపినా అదంతా ఒకే మొక్క కింద లెక్క. దాని పుప్పొడి దాని పూలకే పనిచెయ్యదు. అందుకే మనం తినే పండులో గింజ ఉండదు."

"అంటే సొంతింటి సంబంధం దానికి గిట్టదన్నమాట," అన్నాడు వెనకనుంచి ఒక రైతు. కొందరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"అంతే. బయటి సంబంధమైతేనే గింజ కడుతుంది. పండు మీద కనిపించే ఒక్కో కన్నూ ఒక్కో పువ్వు. అయిదు నెలల కిందట పెద్దాయన తోటలో ఈ పండు కాసిన మొక్క పూతకి రాగానే వలగుడ్డ కట్టేశాను, ఈగ కూడా దూరకుండా. పదిహేను రోజులపాటు పొద్దున్నే వచ్చి, ఈ అమ్మ తోటలోని పుప్పొడి తెచ్చి, ఆ పూట విచ్చుకున్న పూలకి నా చేత్తోనే అద్దాను. గింజ కట్టిందంటే రెండూ వేరు వేరు రకాలు. ఇంక మాట్లాడుకోవడానికేం ఉండదు."

కత్తి దిగింది. పండు రెండు చెక్కలైంది. రసం బల్ల మీదుగా కారింది. పసుపుపచ్చని కండ, మధ్యలో దూట. అంతకుమించి ఏమీ లేదు.

"చూశారుగా," అన్నాడు పెద్దాయన.

ఆమెది మూడేళ్ళ తోట. వంగి వంగి నడుం పట్టేసిన తోట. ముందుకి వంగి ఆ చెక్కల్లోకి మళ్ళీ చూసింది.

"తొందరపడకండి. గింజ నడుమ ఉండదు, కన్ను అడుగున ఉంటుంది," అంది డాక్టరమ్మ. తొక్క కిందుగా పల్చగా ఒక ముక్క కోసి, కత్తి మొనతో కెలికి, దేన్నో తీసి అరచేతిలో వేసుకుంది.

నువ్వుగింజంత ఉంది. ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతోంది.

పక్క కన్నులో ఇంకొకటి. దాని పక్కన రెండు. పద్నాలుగు తీశాక డాక్టరమ్మ కత్తి కింద పెట్టేసింది. "చాలా?"

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక గింజ తీసుకుని రెండు వేళ్ళ మధ్య చాలాసేపు నలిపాడు. అది నలగలేదు.

"చాలు," అన్నాడు.

ఆమె గుండెల మీంచి బండరాయి దిగిపోయింది. అయిదు నెలలుగా ఆమెని చూసి మొహం తిప్పుకున్న ఆడవాళ్ళే వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వెళ్ళే దారిలో పెద్దాయన తన తోట దగ్గర ఆగాడు. "లోపలికి రండమ్మా," అని వాళ్ళిద్దరినీ పిలిచాడు. మోకాళ్ళ నొప్పి ఉన్నా తనే వంగి, మొక్కల మొదట్లోంచి ఒక్కొక్కటే పది పిలకలు విరిచి సంచిలో వేశాడు.

"నోటికొచ్చిందల్లా అన్నాను. ఇంకా చెయ్యగలిగిందేమీ లేదు నా దగ్గర. ఇవి పెట్టుకో. ఇకనుంచి మీ పండుకి నా పండు వాసన వచ్చినా ఎవరూ అడగరు."

"ఎందుకు బాబాయ్ ఇవన్నీ," అంది గానీ, సంచి రెండు చేతులా అందుకుంది. ఆయన మీద ఆమెకిప్పుడు కోపం కూడా మిగల్లేదు.

గట్టు దాటి తమ తోటలోకి వచ్చారు. సాయంత్రపు గాలి చల్లగా తగులుతోంది. అయిదు నెలల్లో మొదటిసారి ఆకలేస్తోంది ఆమెకి.

"ఏమండీ, వీటిని ఎక్కడ నాటుదాం?"

భర్త ఒకసారి వెనక్కి తిరిగి, పెద్దాయన లోపలికి వెళ్ళిపోయాడో లేదో చూసుకున్నాడు. తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, నెమ్మదిగా వదిలాడు.

"ఆ డాక్టరమ్మ ముందు వరసల్లోనే పుప్పొడి తీసుకుంది కాబట్టి బతికిపోయాం. వీటిని వెనక వరసల్లో నాటు. మీ పుట్టింటి పిలకల్లో సగం, తెచ్చేటప్పుడు దారిలోనే కుళ్ళిపోతే, నీకు చెప్పే ధైర్యం లేక పెద్దాయన తోటలోంచి తెచ్చి పెట్టిన వీటి అక్కలు అక్కడే ఉన్నాయి."