నల్ల ఆయిల్, ఎర్ర రుమాలు

ఇవాళ వద్దురా, వచ్చే వారం చూద్దాం అని ఆయన ఎంత మొత్తుకున్నా బావమరిది వినలేదు. మెకానిక్ కదా, అప్పటికే జాకీ ఎత్తి, అట్టముక్క పరుచుకుని పాత కారు కిందికి దూరిపోయాడు.

"నువ్వాగు బావా. మూడు నెలల నుంచి అక్క నా ప్రాణం తోడేస్తోంది. గేర్ ఆయిల్ కారి నీ రుమాళ్ళన్నీ ఎర్రబడిపోతున్నాయట. ఉతకలేక చస్తోంది."

రుమాళ్ళ మీది ఎరుపు ఆయిల్‌ది కాదు. దగ్గినప్పుడు పడే నెత్తురుది. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూసి, ఇక చెయ్యడానికేమీ లేదని చెప్పేసి మూడు నెలలైంది. ఆ సంగతి భార్యకి తెలియకూడదు. తనెటూ పోతాడు, ఉన్న నాలుగు రోజులైనా ఆవిడ కంటినిండా నిద్రపోవాలి. అందుకే ఎప్పుడో ఒక చుక్క కారే పైపు రోజూ కారుతోందని, దాన్ని తుడిచి తుడిచి రుమాలు పాడవుతోందని చెబుతూ వచ్చాడు. ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని ఆ డొక్కు కారు మీద ఆయనకి ప్రేమ కూడా పుట్టింది.

అది ఆటోమేటిక్ గేర్ల కారు. బావమరిది గేర్‌బాక్సు నుంచి రేడియేటర్ దాకా గేర్ ఆయిల్ వెళ్ళే రెండు పైపులూ ఊడదీశాడు. ఇనుప కొసలు బాగానే ఉన్నాయి, మధ్యలో రబ్బరే ఎండి బీటలు వారింది. ఈ కారుకు కొత్త పైపులు ఎక్కడా దొరకవు కాబట్టి, పాత రబ్బరు కోసేసి ఆ కొసలకే కొత్తది తొడిగి క్లిప్పులు వేస్తానన్నాడు. పనిలో పనిగా పాత ఆయిల్ కూడా తీసేద్దామని కింద పళ్ళెం పెట్టాడు. అప్పుడే ఆవిడ కుట్టుమిషను ఆపి వచ్చి పక్కన నిలబడింది.

పళ్ళెంలోకి ఆయిల్ దిగింది. తారులా నల్లగా ఉంది.

"మార్చి పదేళ్ళయిందేమో బావా, మాడిపోయింది. కొత్తదైతే దానిమ్మ రసంలా ఉంటుంది."

ఆయనకి భార్య మొహం చూడడానికి ధైర్యం చాలలేదు. ఆవిడ కాసేపు పళ్ళెంలోకే చూసి, అయితే కొత్తది ఎర్రగానే ఉంటుందా అని తమ్ముణ్ణి అడిగింది. ఉంటుందన్నాడు. సరే, అదే పొయ్యమంది. హమ్మయ్య, బట్టలు కుట్టుకునే మనిషికి ఆయిల్ సంగతులేం తెలుస్తాయిలే అని ఆయన మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

చివరి క్లిప్పు బాగా ఇరుకులో ఉంది. పెద్ద స్క్రూడ్రైవరు దూరలేదు. ఆవిడ మిషను సొరుగులోంచి పచ్చ పిడి ఉన్న చిన్నది తెచ్చిచ్చి, తమ్ముడు బిగిస్తుంటే వంగి చూసింది.

"ఎటు తిప్పితే బిగుస్తుందిరా?"

"కుడికి. ఎడమకి తిప్పావంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. నీకెందుకక్కా, నా పొట్ట కొడతావా?"

ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వబోయి దగ్గాడు. దగ్గుతూనే రుమాలు పిడికిట్లో దాచుకున్నాడు.

బావమరిది కారు కింద తెల్ల కాగితం పరిచి, అరగంట ఇంజను నడిపి చూపించాడు. ఒక్క చుక్క పడలేదు. ఇంకో పదేళ్ళు దీని మొహం చూడక్కర్లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పదేళ్ళ మాటకి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. కారు కారడం మానేసింది, తన దగ్గు మానలేదు. రేపు రుమాలు చూసి ఇదేమిటని ఆవిడ అడిగితే చెప్పడానికి అబద్ధం కూడా మిగల్లేదు. ఇక ఆ క్లిప్పు తనే వదులు చెయ్యాలి.

మర్నాడు పొద్దున ఆవిడ వంటింట్లో ఉన్న సమయం చూసి, చప్పుడు కాకుండా బయటికొచ్చాడు. కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చునేసరికే ఆయాసం ముంచుకొచ్చింది. నిదానంగా వంగి చూశాడు.

నిన్నటి తెల్ల కాగితం మీద అప్పటికే అరచేయంత ఎర్రటి మడుగు ఉంది. పైన క్లిప్పు వదులుగా వేలాడుతోంది. టైరు పక్కన పచ్చ పిడి స్క్రూడ్రైవరు పడి ఉంది.

ఆయనకి దగ్గు తన్నుకొచ్చి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎప్పుడొచ్చిందో, ఆవిడ వెనకే నిలబడి చెయ్యి చాపింది.

"పైపు మళ్ళీ కారుతోందండీ. ఆ రుమాలిటివ్వండి, ఉతికేస్తాను."