ఇత్తడి మరలు

పెళ్లిపందిట్లో సీమోను వాయిస్తున్న బ్యాండు డ్రమ్మునూ, దాని చుట్టూ మెరిసే ఇత్తడి మరలనూ చూసి షావుకారు ఉమామహేశ్వర్లు తల ఊపాడు.

"మద్రాసు సరుకంటే ఇట్ల పలకాల. మీ నాయన డప్పుకు చెవులు చిల్లులు పడతాయి. అందుకే దాన్ని వీధి మొగలోనే ఆపేస్తాము."

పాట ముగిశాక సీమోను వీధి మొగకు వెళ్లాడు. అక్కడ తండ్రి గిద్యోను ఒట్టి డప్పు చట్రం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున కొడుకు డ్రమ్ము తోలు చినిగితే తన డప్పు తోలే ఊడదీసి ఇచ్చాడు.

"ఆ మరలకు నా తోలు శబ్దం ఏమన్నా మారిందంట్రా?"

"శబ్దం అదే నాయనా. నాకు లోపల కుర్చీ వేసినారు."