చంక దిగని పిల్ల

బడులు తెరుస్తున్నారని ఊళ్లో చాటింపు వేసిన రోజే జయంతి ఐజాక్ యూనిఫాం ఉతికి ఆరేసింది.

ఏడాదిన్నరగా పెట్టెలో పడి ఉన్న నిక్కరు వాడికి తొడల దగ్గర పట్టేసింది. కుట్లు విప్పి, సూదీ దారం తీసుకుని గడపలో కూర్చుంది. ఒళ్లో జాయ్ దారపు కొస నోట్లో పెట్టుకుని నములుతోంది.

"నేను బడికి పోను," అన్నాడు ఐజాక్. మూడో తరగతికి వచ్చాడన్న మాటే గానీ, వాడు సగం అక్షరాలు మర్చిపోయాడు.

"పోకుంటే గొర్రెలు కాసుకుంటావా?"

"కాసుకుంటా."

"నోరు మూసుకొని నిలబడు. కొలత చూడల్ల."

పిల్లల్ని చూసుకునే మనిషి కరోనా రెండో అలలో పోయింది. ఆయాసపడుతుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మళ్లీ ఊళ్లోకి రానేలేదు. కడసారి ముఖం కూడా చూడలేకపోయారు. పాస్టరు ఫోన్లోనే ప్రార్థన చేశాడు.

ఆ పైన వాన ముఖం చాటేసింది. పూత మీదున్న వేరుశనగ ఎండుముఖం పట్టింది. ఊళ్లో కూలి దొరక్క ఇమ్మానుయేల్ బెంగళూరుకు సెంట్రింగ్ పనికి పోయాడు. వంట, నీళ్లు, పిల్లలు అన్నీ జయంతి మీద పడ్డాయి.

ఒకరోజు బోరింగు దగ్గరికి బిందె తీసుకుని పోయి వచ్చేలోగా, జాయ్ పొయ్యి మీది గంజి లాగి చేతిమీద పోసుకుంది. తోలు ఊడి వచ్చింది. ఆకు పసరు పూసినా, ఉరవకొండ తీసుకుపోయి మందు వేయించినా మచ్చ మిగిలిపోయింది. అప్పటి నుంచి జయంతి పిల్లను చంక దింపదు. నీళ్లకు పోయినా చంకలోనే. కట్టెలకు పోయినా చంకలోనే.

ఆదివారం ఇమ్మానుయేల్ పక్కింటి హనుమక్క ఫోనుకు చేశాడు. హనుమక్క ఫోను తెచ్చి అరుగు మీద పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగింది.

"పిల్లోల్లు తిన్న్యారా?"

"తిన్న్యారు."

"రేపు బడి అంట గదా."

"ఊ. ఐజాక్‌ను తోలుకపోతా."

"మరి జాయ్?"

జయంతి చంకలోని పిల్లను సర్దుకుంది.

"నేనేం చెప్పేది జయంతీ. అంతా నీ మీద పెట్టి వచ్చినా. పని విడిచి వస్తే అందరికీ కూడెట్ల?"

"నేనేమన్నా రమ్మంటినా? నువ్వు టయానికి తిను."

ఫోను పెట్టేశాక హనుమక్కను అడిగింది. "అవ్వా, రేపు సాయంత్రం దాకా జాయ్‌ను చూసుకుంటావా? ఒళ్లు కడిగి, అన్నం తినిపించే ఇస్తా."

"తప్పుగా అనుకోవద్దే. మా కోడలు బాలింత. మీ ఇంట్లో ఆ రోగం వచ్చి పోయినాది. నేను ఎత్తుకోలేను."

హనుమక్క ఫోనును గుడ్డతో తుడుచుకుని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున్నే జయంతి ఐజాక్‌కు నూనె రాసి తల దువ్వింది. తానూ తయారైంది. జాయ్‌ను చంకనేసుకుని, వాడి చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

బడి ఆమెకు కొత్త కాదు. ఆ గేటు పట్టుకుని ఊగి దెబ్బలు తిన్న రోజులున్నాయి. ఇప్పుడు గేటుకు కొత్త రంగు వేశారు. నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు. పద్మప్రియ టీచరు మాస్కు పెట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతి పిల్లవాడి నుదుటికీ జ్వరం చూసే మిషన్ పెడుతోంది.

ఐజాక్‌ను చూసి లోపలికి పొమ్మంది. తర్వాత జయంతి వైపు తిరిగింది.

"పాపనెందుకు ఎత్తుకొచ్చినావు?"

"ఒక మూలకు ఉంటాది మేడం. రొట్టెముక్క ఇస్తే గమ్మున కూర్చుంటాది."

"కుదరదు జయంతీ. అంత చిన్నపిల్లల్ని లోపలికి రానీయొద్దన్నారు. అంగన్‌వాడీ తెరిచేదాకా ఎవరికన్నా అప్పజెప్పు."

"ఎవరికి మేడం?"

పద్మప్రియ మాస్కు పైన కళ్లు దించుకుంది.

"నీ కష్టం నాకు తెలీదా? రేపు ఎవరికన్నా జ్వరమొస్తే నన్నడుగుతారు."

"మధ్యాహ్నం దాకా అయినా..."

"వద్దమ్మా. నన్ను బతిమాలొద్దు."

జయంతి పిల్లను గేటు పక్కన బండమీద కూర్చోబెట్టింది. చేతిలో రొట్టెముక్క పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. జాయ్ రొట్టె పారేసి "అమ్మా" అని గుక్కపట్టింది. కాలిన చెయ్యి చాచి ఏడ్చింది. జయంతి పరుగున వచ్చి ఎత్తుకుని వీపు నిమిరింది.

ఐజాక్ ఇంకా గేటు లోపలే నిలబడి ఉన్నాడు.

"నువ్వు రావా?" అన్నాడు.

"పో. మధ్యాన్నం గుడ్డు పెడతారు. జేబులో పెట్టుకొని రావద్దు, ఆడ్నే తిను."

"నువ్వు రావా?"

"పోరా అంటే."

గంట కొట్టారు. వాడు వెనక్కి చూసుకుంటూ వరండా ఎక్కాడు. పద్మప్రియ గేటు దగ్గరగా వేసి లోపలికి పోయింది. జయంతి కాసేపు అక్కడే నిలబడింది. లోపల ప్రార్థన మొదలైంది. పిల్లల గొంతులు మాస్కుల వెనక సన్నగా వినిపించాయి. పెదవులు కదిలాయి కానీ ఆమె పాడలేదు. జాయ్‌ను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని ఇంటిదారి పట్టింది.

ఏడో తరగతి గదిలో, ఒకటో తరగతి నుంచీ తన పక్కనే కూర్చునే జయంతి, తమ్ముణ్ణి తీసుకుని వస్తుందని బెంచీ మీద సంచి పెట్టి చోటు పట్టుకున్న ఆశ్రిత, కిటికీలోంచి అటే చూసి చూసి, ఆ సంచి తీసి కింద పెట్టుకుంది.