మర్యాదగా చెప్పిన దారి

"ప్రొసీమ్, దయచేసి, అమ్మగారూ... ఒక్క మాట."

ట్రాలీబస్సు దిగి గొడుగు విప్పుకుంటున్న జెల్మీరా వెనక్కి తిరిగింది.

తిరిగిందో లేదో, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

తడిసిన కుక్క వాసన. దాని మీద నిన్నటి సారా కంపు. గడ్డంలో ఎప్పటి సూపుదో, క్యారెట్ తునక ఒకటి ఎండి అతుక్కుపోయి ఉంది.

అట్టలు కట్టిన కోటు లోపల మెడకు టై ఒకటి. ఆ టై చూసి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం కావాలి నీకు?"

"కోర్టుకు ఎటు వెళ్ళాలో చెప్తారా? ఈ ప్రెషోవ్ ఊరు నాకు కొత్తండీ."

"కోర్టా! మళ్ళీ ఏం దొంగిలించావు?"

అతను నవ్వాడు. పళ్ళన్నీ గోధుమ రంగు.

"ఈసారి నేను కాదులెండి."

కోర్టు ఎంతో దూరం లేదు. పెద్ద చర్చి వెనక సందు తిరిగితే అదే. జెల్మీరా వెళ్తున్నదీ అక్కడికే. ఆమె చూపు అటు పోవడం అతను చూశాడు.

"మీరూ అటేనా అమ్మగారూ? అయితే మీ వెనకాలే వచ్చేస్తాను. మోకాలు సరిగా లేదు. మీకు అడ్డం రానులెండి."

అంటూనే గొడుగు అంచు కిందికి ఒక అడుగు వేశాడు.

జెల్మీరాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

ఇవాళ తన కొడుకు రదోవాన్ కేసులో ఆఖరి వాయిదా. కారు గుద్ది చనిపోయిన ముసలమ్మ తాలూకు వాళ్ళంతా కోర్టు మెట్ల మీదే నిలబడి ఉంటారు. వాళ్ళ కళ్ళముందు ఈ శాల్తీని వెంటేసుకుని వెళ్ళాలా? 'తల్లి సావాసమే ఇలా ఉంటే కొడుకెలా ఉంటాడు' అనరూ!

ఆమె రుమాలు దించింది. నవ్వు తెచ్చుకుంది. 'నువ్వు' కాస్తా 'మీరు' అయింది.

"అయ్యో, నేను వేరే పని మీద వెళ్తున్నానండీ. మీరు ఇలా నేరుగా వెళ్ళండి. సిగ్నల్ దగ్గర ఎడమ చేతికి తిరగండి. టోరిసా నది మీద వంతెన వస్తుంది. అది దాటాక ఎవర్నడిగినా చెప్తారు."

వంతెన అవతల పాత ఇటుకల బట్టీలు తప్ప ఏమీ లేవు.

అతను టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"నేరుగా... ఎడమ చెయ్యి... వంతెన. మీరు చల్లగా ఉండాలి. ఇందాకట్నుంచి అడుగుతుంటే ఒక్కరూ ఆగలేదే!"

వానలో కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

'పీడా పోయింది' అనుకుంది జెల్మీరా. అతను తాకకపోయినా కోటు చెయ్యి రెండుసార్లు తుడుచుకుంది.

కోర్టు గుమ్మంలో రదోవాన్ లాయరు టింకోవా వీధి వైపే చూస్తూ నిలబడి ఉంది.

"మన సాక్షి ఇంకా రాలేదు."

"వస్తాడంటారా?"

"మాట ఇచ్చాడు. వస్తాడు."

రదోవాన్ పక్క సీట్లో కూర్చున్నాడే తప్ప కారు నడపలేదు. నడిపింది వాడి స్నేహితుడు క్రిష్టోఫ్. ముసలమ్మను గుద్దగానే దిగి పారిపోయాడు. ఆనక, నడిపింది రదోవానే అని చెప్పాడు. కాదనడానికి, చూసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు.

జడ్జి కాసేపు ఆగాడు. టింకోవా బతిమాలితే ఇంకాసేపు ఆగాడు.

తలుపు చప్పుడైనప్పుడల్లా రదోవాన్ మెడ తిప్పి చూశాడు. ఒకసారి గుమాస్తా. ఇంకోసారి గాలి.

"పోయినసారి కూడా సాక్షి దొరకలేదనే వాయిదా తీసుకున్నారు. ఇక ఇవ్వను," అన్నాడు జడ్జి.

నాలుగేళ్ళ జైలు.

తీసుకుపోతుంటే రదోవాన్ ఏడవలేదు. "అమ్మా, ఆయనెందుకు రాలేదే?" అని మాత్రం అడిగాడు.

వరండాలోకి రాగానే జెల్మీరా లాయరు మీద విరుచుకుపడింది.

"ఛీ! ఏం మనిషమ్మా మీ సాక్షి! నా బిడ్డ బతుకంతా వాడి నోటి మాట మీద ఉంటే ఎక్కడో పడి నిద్రపోతున్నాడా? సిగ్గుండాలి! పై కోర్టుకైనా జుట్టు పట్టి ఈడ్చుకురండి!"

"ఎక్కడని వెతకను? బార్దేయోవ్ దారిలో బస్సు షెల్టర్లలో పడుకునే మనిషి. ఇల్లు లేదు, ఫోను లేదు. వీళ్ళ జోలి మనకెందుకని పోలీసులే ఆయన్ని అడగలేదు. నేనే పట్టుకున్నాను."

జెల్మీరా చేతిలోంచి గొడుగు జారి కింద పడింది.

"బయల్దేరలేదేమో..." అంది.

"అక్కడ అన్నం పెట్టే చర్చివాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేశాను. తెల్లవారకముందే బస్సెక్కాడట," అంది టింకోవా కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "'ఆ ఊరు నాకు కొత్తండీ, నన్ను చూసి ఎవరు దారి చెప్తారు' అని ఆయన భయపడుతుంటే, 'మర్యాదగా అడగండి చాలు, మా ప్రెషోవ్‌లో ఎవరైనా చెప్తారు' అని ధైర్యం చెప్పింది నేనే."